దుబాయ్ గేటు దగ్గర మన కన్ను

అందరికీ నమస్కారం.

జగిత్యాలలో సరిహద్దుల గురించి మాట్లాడమంటే మొదట నాకే నవ్వొచ్చింది. మనకు దగ్గర్లో ఉన్నది మహారాష్ట్ర సరిహద్దు, అక్కడ కంచె కూడా లేదు. కానీ ఇంట్లోంచి ఒక్కరు కూడా గల్ఫ్‌కు పోనివాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయి? మన సరిహద్దు శంషాబాద్‌లో మొదలై దుబాయ్‌లోనో రియాద్‌లోనో ముగుస్తుంది.

మా వాడకట్టులో ఒకాయన ఉన్నాడు. దుబాయ్‌లో కంపెనీ నెలల తరబడి జీతం ఇవ్వకపోతే బయటికొచ్చి కల్లివెల్లి అయ్యాడు, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడు. దొరికిన పనల్లా చేశాడు, చివరికి పట్టుబడ్డాడు. జైల్లో ఒకరోజు వరసలో నిలబెట్టి, ఒక చిన్న డబ్బాలోకి చూడమన్నారట. ఫ్రీగా కంటి పరీక్ష చేస్తున్నారు కాబోలు అనుకున్నాడు పాపం. ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకిచ్చే ప్రయాణ కాగితం మీద, ఇంటికి పంపించి, మళ్లీ రావద్దన్నారు.

అప్పట్లో దీనికి మందు అందరికీ తెలిసిందే. ఇంటిపేరులో ఒక అక్షరం మార్చి, పుట్టిన తేదీ మార్చి కొత్త పాస్‌పోర్టు తీయించడం. ఈయనా మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టి, మళ్లీ విమానం ఎక్కాడు. దిగాక మళ్లీ అదే డబ్బా. ఆఫీసర్ కంప్యూటర్ తెరను ఇటు తిప్పి చూపించాడట: పాత పేరు, పాత ఫోటో, అప్పటి మీసాలు. తర్వాతి ఫ్లైట్‌కే వాపస్. పోయింది రెండు రోజులకు, మిత్తి కట్టింది నాలుగేళ్లు.

కంటిపాప చుట్టూ రంగు వలయం ఉంటుంది కదా, దాన్ని ఐరిస్ అంటారు. దాని గీతలు కవల పిల్లల్లో కూడా కలవవు. మన ఎడమ కంటికి, కుడి కంటికే కలవవు. కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ జాన్ డాగ్‌మన్ ఆ గీతల్ని 2048 సున్నాలు, ఒకట్లుగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. ఎమిరేట్స్ వాళ్లు, అంటే దుబాయ్ ఉన్న దేశం వాళ్లు, 2000ల తొలి ఏళ్లలోనే దాన్ని తమ విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో, రోడ్డు చెక్‌పోస్టుల్లో పెట్టారు. వేలిముద్ర ఎందుకు చాలదో మీకు నేను చెప్పక్కర్లేదు. సిమెంటు పని చేసి అరిగిన వేలికి రేషన్ షాపు మిషన్ ఎన్నిసార్లు మొరాయిస్తుందో చూస్తూనే ఉన్నాం.

మనవాళ్లు ఊరుకున్నారా? ఏ దేశంవాడు మొదలుపెట్టాడో గానీ, కంటి డాక్టర్లు వాడే చుక్కలు వేసుకుని వెళ్లడం మొదలైంది. చుక్కలతో పాప పెద్దదై వలయం సన్నబడుతుంది, పోలిక కుదరదు. కొన్నాళ్లకు పాప మామూలు కంటే పెద్దగా ఉంటే మిషన్ ఆ మనిషిని పక్కన నిలబెట్టేలా మార్చేశారు.

ఎమిరేట్స్ వాళ్లు ఈ పద్ధతి కోసం తీసిన 6,32,500 కళ్ల బొమ్మల్ని ఒకదానితో ఒకటి పోల్చి, అంటే దాదాపు 20,000 కోట్ల పోలికలు చేసి, డాగ్‌మన్ 2006లో ఒక పరిశోధన పత్రం రాశాడు. ఒకరి కన్నును ఇంకొకరిదిగా పొరబడటం దాదాపు అసాధ్యమని తేల్చాడు. ఆ లక్షల్లో మా వాడకట్టు కన్ను కూడా ఉండి ఉండొచ్చు.

మిషన్ పనితనం మీద నాకు అనుమానం లేదు. ఆ మనిషే ఈ మనిషి అని సరిగ్గానే చెబుతుంది. ఆ మనిషి పేరు వెనక్కి పంపినవాళ్ల జాబితాలోకి ఎందుకెక్కిందో మాత్రం దానికి పట్టదు. దొంగతనం చేసినవాడూ అందులోనే, జీతం రాక బయటికొచ్చినవాడూ అందులోనే. సౌదీలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆన్‌లైన్‌లో 'హురూబ్' పెడితే చాలు, పనివాడు పారిపోయినట్టే లెక్క. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే కార్డు, రెన్యువల్‌కు పోయినప్పుడు గానీ ఆ సంగతి తెలియని వాళ్లున్నారు. అక్కడ అబ్షర్ అనే సర్కారు యాప్ ఉంది. ఇంటి పనివాళ్లు ఊరికి వచ్చిపోయే వీసా కఫీల్ ఫోన్లో ఒక్క నొక్కుతో వస్తుంది, నొక్కకపోతే రాదు. 2021 మార్చిలో కంపెనీ పనివాళ్లకు ఈ నిబంధన సడలించారు. ఇంటి పనివాళ్లు, సొంత కార్ల డ్రైవర్లు, తోట పనివాళ్లు, గొర్రెల కాపరులు ఆ సడలింపులోకి రాలేదు. మన పల్లెల నుంచి వెళ్లేవాళ్లలో గొర్రెలు కాసేవాళ్లు ఎంతమందో మీకే బాగా తెలుసు.

మన వైపు సంగతి చూడండి. 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 2014 నుంచి దానికి ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్ ఉంది. కాంట్రాక్టు, జీతం, బీమా అన్నీ అందులో నమోదవుతాయి. ఏజెంటు ఏం చేస్తాడు? విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. విజిట్ వీసాకు ఆ అనుమతి అక్కర్లేదు. దిగిన క్షణం నుంచి అక్కడి మిషన్‌కు ఆ కుర్రాడి కన్ను గుర్తుంటుంది. ఇక్కడి కంప్యూటర్‌లో మాత్రం అతను పనికి పోయినట్టే ఉండదు. జరగరానిది జరిగితే ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు ఆ ఖాళీ బయటపడుతుంది.

వెనక వరసలో ఉన్న తమ్ముళ్లలో ఈ ఏడాది పోయేవాళ్లుంటే, డబ్బు కట్టే ముందు ఏజెంటు లైసెన్స్ నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ సైట్లో కొట్టి చూడండి. కొట్టడం రాకపోతే మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి, ఫోన్ ఉంది, చూద్దాం.