ఏటపాకలో ఇల్లు, భద్రాచలంలో కొట్టు: సరిహద్దు ఊళ్ల జమాఖర్చు

(చర్చా కార్యక్రమం లిఖిత ప్రతి. పాల్గొన్నవారు: ఏటపాక మండలానికి చెందిన విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏటపాకలో ఉంటూ భద్రాచలంలో కుట్టు దుకాణం నడిపే మహిళ, రవాణా శాఖలో పనిచేసి రిటైరైన అధికారి. ఫోన్‌లో జగ్గయ్యపేట నుంచి లారీ యజమాని.)

సమన్వయకర్త: నమస్కారం. రాష్ట్ర విభజన అనగానే మనకు నీళ్లు, ఉద్యోగాలు, ఆస్తుల పంపకాలు గుర్తొస్తాయి. స్టూడియోల్లో ఇన్నేళ్లూ వాటి మీదే గొంతులు చించుకున్నాం. ఈ రోజు బస్సు టికెట్టు, బండి నంబరు, పిల్లల స్టడీ సర్టిఫికెట్టు గురించి మాట్లాడుకుందాం. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణకు ఉండిపోయింది, దాన్ని అంటుకుని ఉన్న ఊళ్లు అటు వెళ్లాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలంటే మధ్యలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లు దాటి మళ్లీ తెలంగాణలోకి రావాలి. అమ్మా, మీతో మొదలుపెడదాం. పొద్దున ఇంటి నుంచి కొట్టుకు బయలుదేరితే సరిహద్దు మీకు ఎక్కడ కనిపిస్తుంది?

దుకాణదారు: రోడ్డు మీద కనిపించదండి. కండక్టర్ ఆధార్ కార్డు అడిగినప్పుడు కనిపిస్తుంది. మా ఆడపడుచుది భద్రాచలమే. ఇద్దరం ఒకే సీట్లో కూర్చుంటాం. తెలంగాణ బస్సయితే ఆమెకు జీరో టికెట్ కొడతారు, నాకు డబ్బు టికెట్. మాకూ ఉచితం వచ్చిందని సంబరపడి రాజమండ్రి నుంచి వచ్చే మా బస్సెక్కితే, ఇది అంతర్రాష్ట్ర సర్వీసమ్మా, ఇందులో చెల్లదన్నారు. ఈసారి ఇద్దరం డబ్బులిచ్చాం. కనీసం సమానమయ్యాం.

సమన్వయకర్త: అధికారిగారు, ఇది నిబంధనా, కండక్టర్ అత్యుత్సాహమా?

రవాణా అధికారి: నిబంధనే. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది. తెలంగాణ మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, పక్క రాష్ట్రానికి వెళ్లే బస్సయితే సరిహద్దు దాకా మాత్రమే. ఆంధ్రప్రదేశ్ స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. అందులో అంతర్రాష్ట్ర సర్వీసులను మినహాయించారు. ఆ టికెట్టు డబ్బు ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి కదా, పక్క రాష్ట్రం ప్రయాణికురాలికి ఎందుకు కట్టాలి అన్నది వాళ్ల వాదన.

దుకాణదారు: నేను కొట్టుకు అద్దె కడుతున్నది భద్రాచలంలో. గుడ్డ, దారం, గుండీలు కొంటున్నదీ అక్కడే. ఆ పన్నులు తీసుకునేటప్పుడు నా ఆధార్ ఎవరూ అడగలేదు.

రవాణా అధికారి: (నవ్వుతూ) అది నా శాఖ కాదమ్మా.

సమన్వయకర్త: ఆధార్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకూ ఈ చిక్కు వచ్చింది. 2014కు ముందు తీసుకున్న కార్డుల్లో చిరునామా చివర ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. దాన్ని మార్పించుకోనివాళ్లు బస్సులో ఇబ్బంది పడ్డారు. మాస్టారూ, మీ వైపు అసలు సమస్య బస్సు కాదంటారు మీరు.

ఉపాధ్యాయుడు: బస్సుకు ఇరవయ్యో ముప్ఫయ్యో పోతుంది, బాధ పడి ఊరుకుంటాం. 2022 జులై చెప్పనివ్వండి. గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆ నీళ్లకు ఏది తెలంగాణ, ఏది ఆంధ్ర అన్న భేదం లేదు, రెండు వైపులా ఇళ్లు మునిగాయి. నీళ్లు తీశాక సాయం ప్రకటించారు. తెలంగాణలో కుటుంబానికి పది వేలు, మా వైపు రెండు వేలు. ఒకే వరద. బియ్యం లెక్కలు వేరే ఉన్నాయి, అవి వదిలేయండి. తల్లి ఒక రాష్ట్రంలో, కొడుకు ఒక రాష్ట్రంలో ఉన్న ఇళ్లున్నాయి మా దగ్గర. ఇద్దరి ఇంట్లోనూ మోకాలెత్తు బురద. ఆ నెలలోనే ఏటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీల వాళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని రోడ్డెక్కారు. టీవీల్లో దాన్ని సెంటిమెంటు అన్నారు. సెంటిమెంటు లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎనిమిది వేల తేడా అది.

సమన్వయకర్త: ఆ డిమాండ్ అప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. కలపడం, కలపకపోవడం ఈ రోజు మన చర్చ కాదు...

ఉపాధ్యాయుడు: కాదంటే ఎలా? జిల్లా కేంద్రం చూడండి. మాకు మొదట ఖమ్మం. విభజన తర్వాత కాకినాడ. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు పాడేరు. 2025 చివర్లో పోలవరం జిల్లా చేశాక రంపచోడవరం. నాలుగూ నాలుగు దిక్కులు. మేం మాత్రం ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కదల్లేదు! పాడేరు వెళ్లి కలెక్టరుకు అర్జీ ఇచ్చి రావాలంటే ఘాట్ రోడ్లు దాటాల్సి వచ్చేది, రాత్రి ఎక్కడో పడుకోవాల్సి వచ్చేది. ఆ ఖర్చు ఏ పథకం లెక్కలోకీ రాలేదు.

సమన్వయకర్త: చదువుల విషయానికి వద్దాం. రెండు రాష్ట్రాల్లోనూ తల్లిదండ్రులు ఎక్కువ హైరానా పడేది అక్కడే అనుకుంటాను.

ఉపాధ్యాయుడు: స్థానికత. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. పిల్లవాడి ఇల్లు ఎక్కడన్నది ముందు చూడరు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఎక్కడ చదివాడన్నది చూస్తారు. మా ఏటపాక పిల్లవాడు సైకిలెక్కి భద్రాచలం వెళ్లి చదువుకున్నాడనుకోండి, చదువు ప్రకారం తెలంగాణ లెక్కలో పడతాడు. ఇల్లు, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ఆంధ్రప్రదేశ్‌వి. మా దగ్గర కోయ పిల్లలు ఎక్కువ. చదువు కాగితం ఒక రాష్ట్రానిది, కులం కాగితం ఇంకో రాష్ట్రానిది పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్తే, అక్కడ కూర్చున్న గుమాస్తా రెండూ తిరగేసి మరగేసి పక్కన పెడతాడు. పక్కన కూర్చోమంటాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక పైఅధికారి వస్తారంటాడు. నేను పిల్లలకు తోడు వెళ్లి చూసిన దృశ్యమే చెబుతున్నాను.

సమన్వయకర్త: దీనికి తిరగేసిన కథ విజయవాడది. ఖమ్మం, సూర్యాపేట, కోదాడ నుంచి ఇంటర్ కోచింగ్ కోసం ఎంతమంది పిల్లలు విజయవాడ వెళ్లారు! ఉమ్మడి రాష్ట్రంలో అది మామూలు అలవాటు. 2024లో తెలంగాణ ప్రభుత్వం వైద్య ప్రవేశాలకు జీవో 33తో నాలుగేళ్ల నిబంధన బిగించాక, పుట్టింది తెలంగాణలోనే అయినా ఆ రెండేళ్లు విజయవాడ హాస్టల్లో ఉన్న పిల్లలు కోర్టు మెట్లెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2025లో నిబంధన నిలబడింది.

రవాణా అధికారి: నిబంధన లేకపోతే సీట్లన్నీ డబ్బున్న ఊళ్ల పిల్లలే తీసుకుపోతారు. దాన్ని తప్పుపట్టలేం.

ఉపాధ్యాయుడు: నిబంధనను నేనూ తప్పుపట్టను. రాష్ట్రం నడిబొడ్డున కూర్చుని రాసిన నిబంధన అది. కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్నవాడికి సరిపోతుంది. దాపున ఉన్న బడి పక్క రాష్ట్రంలో ఉంటే ఏం చేయాలన్న ఒక్క వాక్యం అందులో ఉండాల్సింది.

సమన్వయకర్త: జగ్గయ్యపేట నుంచి లారీ యజమాని ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి.

లారీ యజమాని: నమస్తే అండి. మాది గరికపాడు దగ్గర. కోదాడ మాకు బజారు లాంటిది. నేషనల్ పర్మిట్ ఉన్న పెద్ద లారీలకు బాధ లేదు. నావి స్టేట్ పర్మిట్ బళ్లు. సిమెంటో ఇటుకో వేసుకుని కోదాడ వెళ్లాలంటే ప్రతిసారీ తాత్కాలిక పర్మిట్ తీయాలి. 2014 ముందు ఇదే రోడ్డు, ఇదే బండి, ఏ పర్మిటూ లేదు. రెండు రాష్ట్రాలు కూర్చుని సింగిల్ పర్మిట్ ఒప్పందం చేసుకోండని మా సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. 2017లో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. తెలంగాణ వాళ్లు 2025లో రవాణా చెక్‌పోస్టులూ ఎత్తేశారు. గేటు పోయింది కానీ ఫీజు పోలేదండి. ఇప్పుడు ఫోన్‌లో కట్టుకుంటున్నాం, మరిచిపోతే జరిమానా.

సమన్వయకర్త: ధాన్యం సంగతి కూడా చెబుతానన్నారు.

లారీ యజమాని: మా బావమరిది ఇల్లు మా ఊళ్లో, పొలం తెలంగాణ వైపు. సన్న వడ్లకు తెలంగాణలో క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు కదా, పక్క రాష్ట్రం ధాన్యం రాకుండా కోతల కాలంలో సరిహద్దులో కాపలా పెడతారు. కోత కోసిన రోజు మబ్బు పట్టింది. కళ్లంలో తడుస్తాయని బస్తాలు ఇంటికి తెచ్చుకున్నాడు. రెండు రోజులాగి మళ్లీ పొలం వైపు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తుంటే ఆపేశారు. పాసు పుస్తకం చూపించాడు. పొలం తెలంగాణదే, బస్తాలు మాత్రం ఆంధ్ర నుంచి వస్తున్నాయి కదా అన్నారు. చివరికి ఊళ్లో వ్యాపారికి అమ్ముకున్నాడు. బోనస్ పోయింది, రెండుసార్లు ట్రాక్టరు కిరాయి మీద పడింది.

సమన్వయకర్త: అక్కడ కాపలా ఉన్న మనిషి చెప్పిందీ అబద్ధం కాదు, అదీ విచిత్రం. అధికారిగారు, బండి నంబర్ల విషయం కాస్త విడమరచి చెప్పండి. అందరికీ పనికొస్తుంది.

రవాణా అధికారి: ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి దేశమంతా తిరగవచ్చు. మరో రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ అది. దానికి పాత ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఫారం 28 మీద చాసిస్ నంబరును పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసి ఇవ్వాలి. పెండింగ్ చలాన్లు ఉండకూడదు, అప్పు ఉంటే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం కావాలి. కొత్త రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు అడగాలి.

సమన్వయకర్త: ఆ వాపసు ఎంతమందికి వచ్చి ఉంటుందంటారు?

రవాణా అధికారి: అడిగినవాళ్లకు వస్తుంది. చాలామంది అడగరు, తిరగలేక. 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్, అంటే రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు, మంచిదే గానీ, అది కేంద్ర ఉద్యోగులు, సైనికులు, నాలుగు అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగుల వంటి వారికే. ఈ అమ్మగారి కుట్టు దుకాణానికి నాలుగు రాష్ట్రాల్లో శాఖలు లేవు కాబట్టి వర్తించదు.

దుకాణదారు: రెండు రాష్ట్రాల్లో ఉన్నానుగా సార్, సగం ఇవ్వండి.

సమన్వయకర్త: (నవ్వుతూ) రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకోలేవా అంటే, చేసుకున్న ఉదాహరణ ఉంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఆగిపోయిన రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు నవంబరు దాకా కదల్లేదు. మధ్యలో జనం ప్రైవేటు బస్సులకు అడిగినంత ఇచ్చుకున్నారు.

రవాణా అధికారి: ఆ ఒప్పందం నేను దగ్గర నుంచి గమనించాను. ఆంధ్రప్రదేశ్ బస్సులు 638 తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, తెలంగాణ బస్సులు 826 ఆంధ్రప్రదేశ్‌లో 1,61,258 కిలోమీటర్లు తిరగాలని రాసుకున్నారు. అంతకుముందు ఏపీ బస్సులు తెలంగాణలో 2.65 లక్షల కిలోమీటర్ల దాకా తిరిగేవి.

ఉపాధ్యాయుడు: అంటే ఎవరి బస్సు ఎంత తిరగాలన్న దాని మీద ఏడు నెలలు పట్టుబట్టారు. తూకం రెండు మూడు వందల కిలోమీటర్ల తేడాతో సరిపోయింది. తగ్గిన లక్ష కిలోమీటర్లలో ఎక్కాల్సిన ప్రయాణికుడి గురించి ఎవరూ అడగలేదు. 2021 మేలో ఇంకా ఘోరం. కొవిడ్ రోగులతో హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులను కర్నూలు దగ్గర పుల్లూరులో, మా లారీ యజమానిగారి పక్కన రామాపురం క్రాస్ రోడ్డులో నిలిపేశారు. ఆస్పత్రి నుంచి ముందస్తు అనుమతి కావాలన్నారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ కదలలేదు. ఆ రోజుల్లోనే మా భద్రాచలం ఏరియా ఆస్పత్రిలో ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ రోగులు కూడా ఉన్నారు. అక్కడి డాక్టర్లు ఎవరినీ ఏ రాష్ట్రమని అడగలేదు. ఇది కూడా రాసుకోండి.

సమన్వయకర్త: మీరు కోరేది ఏమిటి మాస్టారూ, ఒక్క మాటలో?

ఉపాధ్యాయుడు: ఒక్క మాటలో కుదరదు గానీ, సరిహద్దు మండలాలకు వేరే జాబితా ఉండాలి. ఆ జాబితాలో ఉన్న మహిళకు రెండు బస్సుల్లోనూ జీరో టికెట్, ఆ రైతు ధాన్యానికి పాసు పుస్తకం చాలు, ఆ పిల్లవాడికి రెండింటిలో ఒక స్థానికత ఎంచుకునే హక్కు. కొన్ని మండలాలే కదా, ఖజానాలేమీ కూలిపోవు.

రవాణా అధికారి: స్థానికత మినహా మిగతావి రెండు శాఖల కార్యదర్శులు కూర్చుంటే అయ్యే పనులే. స్థానికతకు రాష్ట్రపతి ఉత్తర్వు తాకాలి, అది అంత తేలిక కాదు. దుర్వినియోగం కూడా చూసుకోవాలి. జాబితా పెట్టగానే ఆ మండలాల్లో అద్దె ఇళ్ల చిరునామాలు ఎన్ని పుడతాయో నాకు తెలుసు.

ఉపాధ్యాయుడు: నిజమే, పుడతాయి. ఇప్పుడు మాత్రం పుట్టడం లేదా?

సమన్వయకర్త: సమయం దగ్గర పడింది. అమ్మా, మీరేదో అడగాలనుకుంటున్నారు.

దుకాణదారు: బస్సు గొడవ పడలేక స్కూటీ కొందామనుకుంటున్నాను సార్. షోరూము భద్రాచలంలో ఉంది. అక్కడే నంబరు ఇస్తారా?

రవాణా అధికారి: మీ ఆధార్ ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే ఇస్తారు. లైఫ్ ట్యాక్సు, శాశ్వత నంబరు మీ చిరునామా ఏ ఆర్టీఓ పరిధిలోకి వస్తుందో అక్కడ. గడువు దాటనివ్వకండి, జరిమానా పడుతుంది. షోరూము వాళ్లు మా ఏజెంటే చూసుకుంటాడని వేరే డబ్బు అడుగుతారు, రసీదు లేకుండా ఇవ్వకండి.

దుకాణదారు: భద్రాచలంలో మా మరిది ఇంటి చిరునామా మీద కొంటే?

రవాణా అధికారి: అప్పుడు బండి మీ మరిదిది అవుతుందమ్మా. ఇన్సూరెన్సు కూడా.