ఇర్ఫాన్ పఠాన్ స్వింగ్ ఎందుకు తప్పిపోయింది?

అందరికీ నమస్కారం. భారత ఎడమచేతి స్వింగ్ బౌలర్ ఇర్ఫాన్ పఠాన్ పేరెత్తితే చాలు, "అప్పటి కోచ్ గ్రెగ్ చాపెల్ బ్యాటింగ్‌కి మూడో నంబర్లో పంపి పాడు చేశాడు" అంటారు మనవాళ్లు. నేను ఈ మాట ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే ముందు ఇర్ఫాన్ బౌలింగ్, అందులోనూ అతని స్వింగ్, అంటే బంతి గాల్లో తిరగడం, చూడాలి.

2006 జనవరి 29, పాకిస్తాన్‌తో కరాచీ టెస్టు, మొదటి ఓవర్. నాలుగో బంతికి సల్మాన్ బట్ స్లిప్‌లో ద్రవిడ్‌కి దొరికాడు. ఐదో బంతికి యూనిస్ ఖాన్ ఎల్బీడబ్ల్యూ. ఆరో బంతికి మహమ్మద్ యూసుఫ్ బౌల్డ్. బట్ ఎడమచేతి వాటం, మిగతా ఇద్దరూ కుడిచేతి వాటం. మూడు బంతులూ తిరిగింది ఒకే వైపు. ఎడమచేతి వాటానికి అది బయటికి పోయే బంతి, కుడిచేతి వాటానికి లోపలికి దూసుకొచ్చే బంతి.

ఇదెలా వస్తుందంటే, సీమ్, అంటే బంతి కుట్టు, కుడిచేతి బ్యాటర్ వెనక కాళ్ల వైపున్న ఫైన్ లెగ్ వైపు కాస్త వాలి నిటారుగా నిలవాలి. మెరిసే వైపు ఆఫ్ సైడుకి ఉండాలి. మణికట్టు బంతి వెనకే ఉండాలి, పక్కకి జారకూడదు. ఓవర్ ద వికెట్, అంటే బౌలింగ్ చెయ్యి స్టంప్స్ వైపు ఉండేలా, వచ్చే ఎడమచేతి బౌలర్ బంతి కుడిచేతి బ్యాటర్‌కి అడ్డంగా స్లిప్పుల వైపు వెళ్తుంది. బ్యాటర్ ఆ కోణాన్ని నమ్మి ఆడతాడు. చివర్లో బంతి లోపలికి తిరిగితే ప్యాడ్‌కి తగులుతుంది, లేదా స్టంప్స్ లేచిపోతాయి. తిరగకపోతే? ఆఫ్ స్టంప్ బయట వదిలేయదగ్గ బంతి, కాస్త నెమ్మదిస్తే కట్ కొట్టదగ్గ బంతి.

ఇర్ఫాన్‌కి జరిగింది ఇదే. బంతి వేయని ముందు చెయ్యి తొందరగా కిందికి పడితే ఛాతీ తెరుచుకుంటుంది, బౌలింగ్ చెయ్యి పక్క నుంచి వస్తుంది, మణికట్టు జారి సీమ్ ఊగిపోతుంది. గంటకు 130 కిలోమీటర్లు దాటే వేగం 120ల్లోకి జారింది. ఆ వేగంలో బంతి తిరిగినా ముందే తిరుగుతుంది, బ్యాటర్‌కి సర్దుకునే సమయం దొరుకుతుంది. కరాచీలోనే చూడండి. 39కి 6 వికెట్లు పోగొట్టుకున్న పాకిస్తాన్ 245 చేసింది, రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లకు 599 దగ్గర డిక్లేర్ చేసి 341 పరుగులతో గెలిచింది. కొత్త బంతి మెరుపు పోయాక అతని దగ్గర రెండో ఆయుధం లేదు.

అంకెల్లోనూ ఇది కనిపిస్తుంది. 29 టెస్టుల్లో సరిగ్గా 100 వికెట్లు. అందులో 2004లో బంగ్లాదేశ్ మీద రెండు టెస్టుల్లో 18, 2005లో జింబాబ్వే మీద రెండు టెస్టుల్లో 21. మిగతా 25 టెస్టుల్లో 61 మాత్రమే. వన్డేల్లో మాత్రం కొత్త బంతితో పది ఓవర్ల పని అతనికి సరిపోయింది. 59 మ్యాచ్‌ల్లోనే 100 వికెట్లు తీశాడు, 2019లో షమీ దాటేవరకూ భారత్ తరఫున అదే అత్యంత వేగం.

ఇక మూడో నంబర్ సంగతి. 2005 అక్టోబరులో నాగ్‌పూర్‌లో శ్రీలంక మీద 70 బంతుల్లో 83 కొట్టాడు. ఆ ఆలోచన సచిన్‌దని ఇర్ఫానే తర్వాత చెప్పాడు. అదే ఏడాది ఢిల్లీ టెస్టులో ఓపెనర్‌గా 93. బ్యాటింగ్ అతనికి మేలే చేసింది. పాడైంది మణికట్టు. 2006-07లో దక్షిణాఫ్రికా పర్యటన మధ్యలోనే ఇంటికి పంపించారు. మళ్లీ టెస్టు ఆడింది 2007 డిసెంబరులో, బెంగళూరులో. అక్కడే పాకిస్తాన్ మీద 102 కొట్టాడు.

ఈ మధ్యలో జొహానెస్‌బర్గ్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్, 16 పరుగులకు 3 వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. 2008 జనవరిలో పెర్త్‌లో రెండు ఇన్నింగ్స్‌లో కలిపి 5 వికెట్లు, నైట్‌వాచ్‌మన్‌గా, అంటే ఆట ముగిసే వేళ అసలు బ్యాటర్‌ని కాపాడేందుకు ముందుగా, వచ్చి 46, అక్కడా మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. మూడు నెలలకు అహ్మదాబాద్‌లో ఆడిన టెస్టే చివరిది. అప్పటికి వయసు 23. నాకు బాధ కలిగించేది ఇదే. వన్డేల్లోనూ అంతే: 2012 ఆగస్టులో పల్లెకెలెలో 5 వికెట్లు తీసిన మ్యాచే ఆఖరిది.

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. సీమ్ ఆల్‌రౌండర్ కావాలనే పిల్లలు మన మైదానాల్లోకీ వస్తారు. ఇక్కడున్న కోచ్‌లకు నా మనవి: బౌలింగ్ నెట్ ముందు పెట్టండి, బ్యాటింగ్ తర్వాత. అలసిన ఒళ్లు ముందుగా పోగొట్టుకునేది మణికట్టునే. వీడియో బౌలర్ వెనక నుంచి తీయండి, పక్క నుంచి తీస్తే సీమ్ కనపడదు. సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న బంతి ఇస్తే సీమ్ ఊగుతోందో లేదో కుర్రాడికే కళ్లకు కడుతుంది. జిమ్‌లో బరువులు పెంచిన వారాల్లో వేగం అడక్కండి. స్వింగ్ తగ్గితే ముందు చెయ్యి ఎప్పుడు కిందికి పడుతోందో చూడండి, ఆ తర్వాతే రన్‌అప్ జోలికి వెళ్లండి.