కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే: గర్భసంచి తీసేదాకా ఎందుకు వెళ్తుంది?

[తెర మీద: నెల్లూరు పెద్దాసుపత్రి, కాన్పుల వార్డు బయట వరండా]

నమస్కారమండీ. కాన్పు అయింది, బిడ్డ ఏడ్చింది, స్వీట్లు తేవడానికి ఒకరు బయల్దేరారు కూడా. అంతలో నర్సు వచ్చి "రక్తం ఎక్కువ పోతోంది, రక్తమిచ్చేవాళ్లను పిలిపించండి" అంటుంది. కాసేపటికి డాక్టరమ్మ "అవసరమైతే గర్భసంచి తీయాల్సి వస్తుంది, సంతకం పెట్టండి" అంటుంది. ఇక చూడండి టెన్షన్. "ఇరవై రెండేళ్ల పిల్లకి గర్భసంచి తీసేస్తారా? ఉండండి, మా బావగారిని అడగాలి" అని ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు నడిచే సేపట్లో లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

[బొమ్మ: గర్భసంచి, మాయ, రక్తనాళాలు]

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైనే రక్తం వెళ్తుంది. మాయ ఊడి వచ్చాక అక్కడ రక్తనాళాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరమే. అది బిగుసుకుని నాళాల్ని నొక్కేస్తుంది. పొట్ట మీద బొడ్డు దగ్గర చెయ్యి పెడితే కొబ్బరి బోండాంలా గట్టిగా తగలాలి. మెత్తగా, ఎక్కడుందో తెలియకుండా ఉందంటే రక్తం పోతున్నట్టే. పదింట ఏడు కేసులు ఇవే. మిగతావాటిలో కాన్పు దారిలో చిరుగులు, లోపల మిగిలిన మాయ ముక్క, రక్తం గడ్డకట్టకపోవడం.

మామూలు కాన్పులో అర లీటరు దాటితే ప్రమాదం కిందే లెక్క. గుడ్డలు చూసి అంచనా వేస్తే చాలాసార్లు తక్కువే అనిపిస్తుంది. అందుకే ఇప్పుడు తల్లి నడుము కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరుస్తున్నారు, రక్తం అందులోకి జారుతుంది, ఎంతో కనబడుతుంది. ఇలా కొలిచి, చికిత్సలన్నీ ఒక్కసారే మొదలుపెడితే ముదిరే కేసులు సుమారు 60 శాతం తగ్గాయని 2023లో వచ్చిన ఒక పెద్ద ఆఫ్రికా అధ్యయనం చూపించింది. ఇంకో మాట. వయసులో ఉన్న పిల్లకి చాలా రక్తం పోయేదాకా బీపీ పడిపోదు, ముందు నాడి వేగం పెరుగుతుంది. "బీపీ బాగానే ఉందిగా" అని ధీమాగా ఉండకూడదు. "చెడు రక్తం, పోనీలే" అనే పెద్దమ్మల మాటైతే అసలు వినొద్దు.

[బొమ్మ: చికిత్స మెట్లు]

బిడ్డ పుట్టగానే గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ప్రతి తల్లికీ ఇస్తారు. అయినా ఆగకపోతే పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చేస్తారు, మరిన్ని మందులు ఎక్కిస్తారు. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే మందు ట్రనెగ్జామిక్ యాసిడ్, అది కాన్పైన మూడు గంటల్లోపే పడాలి. అప్పటికీ ఆగకపోతే లోపల బెలూన్ పెట్టి సెలైన్‌తో నింపుతారు. క్యాథెటర్ అనే సన్న గొట్టానికి కండోమ్ కట్టి చేసే చవకైన పద్ధతిని బంగ్లాదేశ్ డాక్టర్ సయీబా అఖ్తర్ వాడుకలోకి తెచ్చారు. దానికీ లొంగకపోతే థియేటరే. పొట్ట తెరిచి గర్భసంచిని చుట్టి బిగించే కుట్లు వేస్తారు, వీటిని బి-లించ్ కుట్లంటారు. రక్తనాళాలు కట్టేస్తారు. ఇవన్నీ గర్భసంచిని కాపాడుకోవడానికే. ఏదీ పనిచేయనప్పుడే తీసేస్తారు. అండాశయాల్ని మామూలుగా వదిలేస్తారు కాబట్టి హార్మోన్లు ఆగిపోవు. నెలసరి రాదు, మళ్లీ కడుపు రాదు. బాధే, కానీ బిడ్డకు తల్లి దక్కుతుంది.

ఉదయగిరి, సీతారామపురం వైపు వాళ్లకి ఒక మాట. అక్కడి నుంచి నెల్లూరు దగ్గరేం కాదు. కవలలు, మాయ కిందకి ఉండటం, పాత పెద్దాపరేషన్, రక్తం తక్కువ, వీటిలో ఏదున్నా నొప్పులు వచ్చేదాకా ఆగకండి, కాన్పు ఎక్కడో ముందే ఆశా అక్కతో మాట్లాడుకోండి. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. అలాంటివాళ్లు కొంచెం రక్తం పోయినా తట్టుకోలేరు. ఐరన్ మాత్రలు డబ్బాలో దాచడానికి ఇవ్వరమ్మా. రక్తమిచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు, సంతకం ఎవరు పెట్టాలన్నదీ తొమ్మిదో నెలలోనే తేల్చుకోండి.

ఇంటికెళ్లాక కూడా, కాన్పైన వారాల తర్వాత అయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా 108కి ఫోన్ చేయండి. డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్లండి.