పనికి విరామం, ప్రభువుకు స్తోత్రం

(ఒడిశాలోని పర్లాకిమిడి సమీపాన, ఏటి ఒడ్డున జరిగిన తెలుగు సంఘాల వేసవి కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘ పెద్దలకు, ప్రియమైన సహోదరీ సహోదరులకు వందనాలు.

ప్రార్థన గురించి, ఉపవాసం గురించి, సేవ గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం గానీ, విశ్రాంతి గురించి విన్నది చాలా తక్కువ. పని చేయకుండా గడిపిన ప్రతి గడియకూ దేవుని ఎదుట సంజాయిషీ చెప్పుకోవాలన్నట్టు బతకడం మనకు అలవాటైపోయింది. అయితే ఆదికాండంలోని వరసను ఒక్కసారి గమనించండి. ఆరో దినాన నరుడు సృష్టింపబడ్డాడు, ఆ మరునాడే దేవుడు విశ్రమించిన దినం. అంటే, ఒక్క పాదు తవ్వకముందే, ఒక్క విత్తు నాటకముందే, తాను చేయని లోకంలో నరుడు కళ్లు తెరిచి మొట్టమొదట చూసిన పూర్తి దినం విశ్రాంతి దినమే. కృతజ్ఞతకు మొదలు అక్కడే ఉందని నా నమ్మకం.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కర్మెలు పర్వతం మీద అంతటి విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపు విని అరణ్యంలోకి ఒక దినప్రయాణం వెళ్లి, బదరీవృక్షం కింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు ఆయనను మందలించలేదు, నీ విశ్వాసం ఏమైందని నిలదీయనూ లేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపిస్తే, తిని తాగి ఆయన మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపినప్పుడు గానీ ప్రయాణం మాట రాలేదు. ఇక్కడ నీకేమి పని అని దేవుడు అడిగింది నలభై దినాల నడక తరువాత, హోరేబు పర్వతం దగ్గర. అలసిన మనిషికి దేవుడు మొదట ఇచ్చింది చెట్టు నీడ, నిద్ర, తిండి, నీళ్లు.

ఈ ఇసుకలో కూర్చుని వింటే ఆ మాట మరింత దగ్గరగా తోస్తుంది. గజపతి జిల్లా కొండల నుంచి దిగి, పర్లాకిమిడి పక్కగా పారి వంశధారలో కలిసే మహేంద్రతనయ ఈ వేసవిలో సన్నని పాయగా మిగిలింది. పొద్దున మన పిల్లలు ఒడ్డు దగ్గర చెలమ తీశారు. మోచేతి లోతు తవ్వేసరికి చుట్టూ ఇసుక చెమర్చి, అడుగున మట్టిరంగు నీరు ఊరింది. కొబ్బరిచిప్పతో తోడి పారబోసి కాసేపు వదిలేస్తే, అడుగునున్న ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కనిపించేంత తేటగా నిలిచింది. పిల్లలు తవ్వింది గుంట మాత్రమే. నీరు పోయిన వానాకాలంలో ఈ కొండల మీద, 1,501 మీటర్ల మహేంద్రగిరి పరిసరాల అడవుల్లో కురిసి, రాలిన ఆకుల పొరల కింద నేలలోకి ఇంకి, నెలల తరబడి కొద్దికొద్దిగా ఏటికి చేరుతూ వచ్చింది. కుళాయి కింద బిందె పెట్టి పరుగెత్తే రోజున ఈ వరస మన ఆలోచనకే రాదు. ఏ తొందరా లేకుండా చెలమ పక్కన కూర్చున్నవాడికి మాత్రం, తాను తాగే ప్రతి గుక్క వెనుకా తనది కాని కష్టం, తాను అడగని దయ ఎంత ఉన్నదో తెలిసివస్తుంది. స్తోత్రం అప్పుడు దానంతటదే నోటికి వస్తుంది, ఎవరూ చెప్పించనక్కరలేదు.

ప్రకృతి అంటే చల్లని నీడ ఒక్కటే కాదని ఈ ప్రాంతం వారికి నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆనాడు నష్టపోయినవారిని స్తోత్రం చెప్పండని తొందరపెట్టే హక్కు నాకు గానీ మరెవరికి గానీ లేదు. ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి అడిగే 13వ కీర్తన ఆరే వచనాల్లో పాటగా ముగుస్తుంది. మనిషికి ఆ దూరం నడవడానికి ఏళ్లు పట్టవచ్చు. అంతవరకు మాటలు లేకుండా ఈ చెట్ల కింద కూర్చున్నా ప్రభువు దాన్ని ప్రార్థనగానే ఎంచుతాడు.

మరొక్క మాట. నిర్గమకాండం 23వ అధ్యాయం 12వ వచనం విశ్రాంతి దినాన్ని ఇంటి యజమాని కోసం మాత్రమే నియమించలేదు. ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి, అందరూ సేదతీరాలని అంటుంది. ఒకరు వండుతూ ఉంటే మరొకరు చెట్టు కింద ధ్యానం చేసుకోవడం ఈ వచనానికి సరిపడదు. మన ఇళ్లలో ఆదివారం ఆరాధనకు ముందే వంట ముగించాలని చీకటితో లేచే తల్లులకు, తెరిచి ఉంచిన దుకాణాల్లో నిలబడే కుర్రవాళ్లకు, గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వలసపోయిన బిడ్డలకు ఈ ఆజ్ఞ ఎప్పుడు అందుతుంది?

పెద్దలతో ముందే మాట్లాడాను, వారు సమ్మతించారు. ఈ పూట తెల్లవారకముందే పొయ్యి రాజేసిన సోదరీమణులు మొదటి బంతిలో కూర్చుంటారు, సంఘ పెద్దలు, నేను వడ్డిస్తాం. గిన్నెలు తోమే పని యువకులది. భోజనాల తరువాత ఎండ తగ్గేవరకు పాటలు గానీ సాక్ష్యాలు గానీ పెట్టుకోలేదు. నిద్ర వచ్చినవారు నిస్సంకోచంగా నిద్రపోండి.