లిస్టు అంటించిన సాయంత్రం ఎవరికి చెప్పుకోవాలి?

అందరికీ నమస్కారం.

జిల్లా క్రీడా సంఘాల కార్యదర్శులు, కోచ్‌లు, పీఈటీలు, పిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకొచ్చి గేటు దగ్గర గంటలకొద్దీ కూర్చునే తల్లిదండ్రులు ఇవాళ ఒకే హాల్లో ఉన్నారు. మామూలుగా మీరంతా ఒకచోట కలిసేది సెలెక్షన్ ట్రయల్స్ రోజునే. ఆ సాయంత్రం బోర్డు మీద లిస్టు అంటించాక ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. పేరు రాని అమ్మాయి ఏడుస్తూ ఇంటికెళ్తుంది. తండ్రి కోచ్ మీద కేకలేస్తాడు. కోచ్ ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. మర్నాడు ఒకరు ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్తారు, ఇంకొకరు పేపర్ వాళ్లకి ఫోన్ చేస్తారు. చాలామంది ఎక్కడికీ వెళ్లరు. ఆట మానేస్తారు.

వీటన్నిటికంటే ముందు వెళ్లడానికి ఒక చోటుండాలి. అక్కడ కూర్చునే మనిషి మీ సంఘానికి చెందినవాడు కాకూడదు. చెప్పిన మాట బయటికి పొక్కనివ్వకూడదు. తీర్పు చెప్పకుండా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించగలగాలి. నేను ఇవాళ అడగడానికి వచ్చింది ఇదొక్కటే.

పెద్ద ఆటగాళ్లకైనా ఇలాంటి చోటు దొరకలేదు. 2018 నవంబరులో వెస్టిండీస్‌లో మహిళల టీ20 ప్రపంచకప్ జరిగింది. మన మిథాలీ రాజ్ గారు పాకిస్తాన్ మీద, ఐర్లాండ్ మీద వరసగా రెండు అర్ధసెంచరీలు చేశారు. ఇంగ్లండ్‌తో సెమీఫైనల్లో మాత్రం ఆమెను బయట కూర్చోబెట్టారు. ఆ మ్యాచ్ మనం 8 వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆమె వీధికెక్కలేదు. కోచ్ రమేశ్ పొవార్ తనతో ఎలా ప్రవర్తించారో క్రికెట్ బోర్డు అధికారులకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అధికారుల దగ్గర ఆగలేదు, మీడియాకెక్కింది. తర్వాత పొవార్ గారు బోర్డుకిచ్చిన నివేదికలోని మాటలూ బయటికొచ్చాయి. తప్పు ఎవరిదో నేను చెప్పబోవడం లేదు. ఇద్దరూ ఆఫీసును నమ్మి రాసుకున్న మాటలు టీవీ చర్చల్లో నలిగాయి, అదీ నా బాధ.

ఆ నెలాఖరుకే పొవార్ గారి పదవీకాలం ముగిసింది. కానీ 2021లో ఆయన్నే మళ్లీ కోచ్‌గా తీసుకున్నారు. అప్పుడు వన్డే జట్టు కెప్టెన్ మిథాలీ గారే. ఇద్దరూ కలిసి పనిచేశారు. అంటే వాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకోలేని మనుషులేం కాదు. 2018లో వాళ్లని కూర్చోబెట్టేవాళ్లు లేరు, అంతే.

2012 లండన్ ఒలింపిక్స్ ముందు టెన్నిస్‌లోనూ ఇదే కథ. లియాండర్ పేస్‌తో డబుల్స్ ఆడబోమని మహేశ్ భూపతి, రోహన్ బోపన్న చెప్పేశారు. ఆ గొడవ సర్దడానికి మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియా మీర్జా గారిని పేస్‌కు జోడీగా వేశారు. ఒకరిని బుజ్జగించడానికి తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగానే ప్రకటన ఇచ్చారు. దేశం కోసం ఆడబోతున్న మనిషి అలాంటి మాట అనాల్సి రావడం ఎంత అవమానమో ఆలోచించండి. చివరికి పురుషుల డబుల్స్‌కి రెండు జట్లు వెళ్లాయి. మన సికింద్రాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ ఆ గందరగోళం మధ్యనే పేస్‌తో ఆడాడు. టెన్నిస్‌లో పతకం రాలేదు.

2024 ఫిబ్రవరిలో ఆంధ్ర జట్టు రంజీ క్వార్టర్‌ఫైనల్లో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజే, ఆ సీజన్ మొదట్లో జట్టు కెప్టెన్‌గా ఉన్న హనుమ విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో తన బాధంతా రాసుకున్నాడు. కెప్టెన్సీ ఎందుకు పోయిందో ఆయన ఒకటి చెప్పాడు, తోటి ఆటగాడు ఇంకొకటి చెప్పాడు, అసోసియేషన్ మరొకటి చెప్పింది. అవతల ఎన్నికలు దగ్గర పడ్డాయి. పార్టీల నాయకులు దిగారు. డ్రెస్సింగ్ రూములో మొదలైన మాట రాష్ట్ర రాజకీయమైపోయింది. కెప్టెన్సీ పోయిన జనవరిలోనే రెండు వైపులవాళ్లూ నమ్మే మనిషి ఒకరు మధ్యలో కూర్చుని ఉంటే అంతదాకా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

ఇక కెనడా సంగతి. అక్కడ 2003లో చట్టం చేసి, 2004లో క్రీడా వివాదాల పరిష్కార కేంద్రాన్ని తెరిచారు. జట్టులో చోటు గురించైనా, క్రమశిక్షణ చర్య గురించైనా ఆటగాడు తన ఫెడరేషన్ మీద అక్కడికి వెళ్లొచ్చు. తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్ ముందుకు వెళ్లేలోపే ఒక మధ్యవర్తి ఇద్దరితో కూర్చుంటాడు. ఆయనకు తీర్పు చెప్పే అధికారం ఉండదు. ఉండదు కాబట్టే మనుషులు నోరు విప్పుతారు. ‘నా ఫామ్ బాగా లేదని నాకూ తెలుసు, కానీ అందరి ముందు అలా అనాల్సింది కాదు’ అని ఆటగాడు అనగలిగేది అలాంటి గదిలోనే. ‘లిస్టు మీద నాకూ ఒత్తిడి వచ్చింది’ అని సెలెక్టర్ ఒప్పుకునేదీ అక్కడే.

మన దేశంలో 2023 మీడియేషన్ (మధ్యవర్తిత్వ) చట్టంలో ఈ గోప్యతకు రక్షణ రాశారు. మధ్యవర్తి ముందు అన్న మాటను రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోకూడదని అందులో ఉంది. మధ్యవర్తిత్వం నడపడం తెలిసిన సంస్థ కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లోనే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసి జాతీయ క్రీడా ట్రిబ్యునల్‌కు దారి వేసింది. మంచి పనే. కానీ ట్రిబ్యునల్ అంటే జడ్జి, వాదనలు, ఒకరు గెలవడం, ఒకరు ఓడడం. గెలిచిన అమ్మాయి మర్నాడు పొద్దున్నే అదే కోచ్ దగ్గర ప్రాక్టీసుకు వెళ్లాలి. ఆ పొద్దుటి సంగతి ఏ తీర్పులోనూ రాయరు.

గోప్యత గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నేరాన్ని దాచడానికి గోప్యత కాదు. లైంగిక వేధింపుల ఆరోపణలను ముగించడానికి హాకీ కెనడా ఒక ప్రత్యేక నిధి నుంచి డబ్బు కట్టిందని 2022లో బయటపడింది. అందులో పిల్లల రిజిస్ట్రేషన్ ఫీజుల డబ్బూ ఉంది. దేశం భగ్గుమంది, అక్టోబరులో బోర్డు మొత్తం దిగిపోయింది. 2023లో మన రెజ్లర్లు లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నది కూడా ఇద్దరిని కూర్చోబెట్టి సర్దే విషయం కాదు. అలాంటిది మధ్యవర్తి చెవిన పడితే ఆ క్షణమే ఆయన ఆపేయాలి. పిల్లల మీద లైంగిక నేరమైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దవాళ్లయిన ఆడవాళ్లయితే, పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం స్టేడియాన్నీ క్రీడా సంస్థనూ పనిచేసే చోటు కిందే లెక్కేసింది, ఫిర్యాదుల కమిటీ ముందుకు వెళ్లే హక్కు ఉంది. ‘పరువు పోతుంది, లోపల చూసుకుందాం’ అనే మాట మీ సంఘంలో వినపడితే దయచేసి అక్కడే ఆపండి.

ఇక మధ్యవర్తి ఎవరు? ఆస్తి తగాదాలో అన్నగారి బావమరిదిని పెద్దమనిషిగా పెడితే తమ్ముడు ఒప్పుకుంటాడా? ప్రెసిడెంటు గారి స్నేహితుడైన రిటైర్డ్ అధికారిని పెట్టి ‘స్వతంత్రం’ అంటే ఆటగాళ్లూ అలాగే చూస్తారు. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌గా ఎవరుండాలన్నదే పెద్ద గొడవై కోర్టులకెక్కింది. తర్వాత 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ లావు నాగేశ్వరరావు గారిని పెట్టి సంఘం వ్యవహారాలు చూడమంది. నియమించేది ఎవరు, డబ్బిచ్చేది ఎవరు, తీసేయగలిగేది ఎవరు? ఈ మూడూ ఒకే చెయ్యి అయితే ఎంత మంచివాణ్ని పెట్టినా లాభం లేదు.

అందుకే ఏ సంఘానికా సంఘం కాకుండా కబడ్డీ, అథ్లెటిక్స్, వాలీబాల్, బ్యాడ్మింటన్ అందరూ కలిసి ఒకే ప్యానెల్ పెట్టుకోండి. శిక్షణ పొందిన మధ్యవర్తులు పక్క జిల్లాల నుంచి రావాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. ఎంట్రీ ఫీజులో కొద్ది మొత్తం ఉమ్మడి ఖాతాకు పోతే ఖర్చు గడుస్తుంది. ఆ ఖాతా మీద ఏ ఒక్క సంఘానికీ సంతకం పెట్టే అధికారం ఉండకూడదు. ఆటగాడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు.

టైమ్ కూడా ముఖ్యం. టీమ్ శుక్రవారం రైలెక్కుతుంటే వచ్చే వారం మీటింగ్ పెడతామంటే ఏం లాభం? ఒలింపిక్స్‌లో క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు 1996 అట్లాంటా నుంచి అక్కడికక్కడే తాత్కాలిక విభాగం పెడుతోంది, మామూలుగా 24 గంటల్లో తేల్చాలన్నది దాని నియమం. మన జిల్లా సెలెక్షన్ గొడవకు రెండు రోజులు చాలు. లిస్టు అంటించాక రైలుకు మధ్య ఆ రెండు రోజులు వదలండి.

‘కోచ్ రానంటే?’ అని పొద్దున ఒక కార్యదర్శి గారు అడిగారు. కోచ్‌తో రాసుకునే ఒప్పందంలోనే ఒక వాక్యం పెట్టండి: ఫిర్యాదు వస్తే మధ్యవర్తితో ఒక్కసారైనా కూర్చోవాలి. రాజీ పడమని ఎవరూ బలవంతం చేయరు, కూర్చోవడం మాత్రం తప్పనిసరి. ఫిర్యాదు చేసిన పిల్ల మీద కక్ష సాధిస్తే చర్య ఉంటుందని పక్కనే రాయండి. మధ్యవర్తి ఫోన్ నంబరు ట్రయల్స్ ఫారం మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి.

తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను, కాపీలు వెనక టేబుల్ మీద ఉన్నాయి. మీ ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) ఎజెండాలో పెట్టండి. మార్పులు కావాలంటే కాగితం మీదే రాసి సాయంత్రంలోగా నాకివ్వండి. తల్లిదండ్రులు కూడా తీసుకోండి, అది మీకోసం కూడా.