పెద్ద జీతానికి పెద్ద రాయితీ

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున పన్నుల మీద ఉపన్యాసమంటే బాగ్‌లింగంపల్లి దాకా ఇంతమంది వస్తారనుకోలేదు. బయట టిఫిన్ బాగుంటుందని వచ్చినవాళ్లున్నా అభ్యంతరం లేదు.

ముప్ఫై ఏళ్లుగా పన్ను రిటర్నులు వేసే పని నాది. జనవరి వచ్చిందంటే నన్నడిగేది ఒకటే ప్రశ్న: "సార్, ఎయిటీ సీ నిండిందా?" దాచుకున్న సొమ్ముకు లక్షన్నర దాకా ఇచ్చే పన్ను మినహాయింపన్నమాట. నింపేవాణ్ని. ఎవరికి ఎంత మిగులుతోందన్నది మాత్రం చాలాకాలం పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆదాయపన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో పీఎఫ్‌లోనో పీపీఎఫ్‌లోనో లక్షన్నర వేశారనుకోండి. 30 శాతం శ్లాబులో ఉన్నాయనకు సెస్సుతో కలిపి 46,800 రూపాయల పన్ను తగ్గుతుంది. 20 శాతంలో ఉన్నాయనకు 31,200. దాచింది ఒకటే, దక్కింది మూడింట రెండు వంతులు. అసలు ఆ రెండో ఆయన లక్షన్నర దాచగలడా అన్నది వేరే సంగతి.

కొత్త పద్ధతిలో ఎయిటీ సీ లేదు కదా అంటారు. నిజమే. కానీ ఒక తలుపు తెరిచే ఉంచారు. కంపెనీ మీ పేరున ఎన్‌పీఎస్ అనే పింఛను పథకంలో వేసే వాటాకు మినహాయింపు ఉంది. 2024 బడ్జెట్‌లో ప్రైవేటు ఉద్యోగులకు దాన్ని బేసిక్‌లో 10 శాతం నుంచి 14కు పెంచారు. గచ్చిబౌలిలో ఏడాదికి 30 లక్షల జీతం, అందులో 15 లక్షలు బేసిక్ ఉన్న కుర్రాడికి ఆ వాటా 2,10,000. తగ్గే పన్ను 65,520. మన తెలంగాణలో వృద్ధులకిచ్చే ఆసరా పింఛను నెలకు 2,016 చొప్పున ఏడాదికి 24,192. రెండూ ఖజానా సొమ్మే. మొదటిదాన్ని ప్రోత్సాహకమంటాం, రెండోదాన్ని ఉచితమంటాం.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య నాలుగిళ్లలో పనిచేస్తుంది. ముప్ఫై ఐదో ఏట, కేంద్రం నడిపే అటల్ పెన్షన్ పథకంలో చేరింది. అరవై దాటాక నెలకు 5,000 రావాలంటే ఇప్పట్నుంచి నెలనెలా 902 కట్టాలి. నెల మొదట్లో ఫోన్ పట్టుకుని పైకొస్తుంది. "జర సూడుండ్రి సార్, ఈ నెల కట్ అయ్యిందా?" ఖాతాలో అరవై రూపాయలు తక్కువైతే ఆ నెల కట్ కాదు. ఏడాదికి 10,824 దాస్తున్న ఆమెకు పన్ను రాయితీ సున్నా.

"పన్నే కట్టని మనిషికి రాయితీ ఏమిటి?" అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. ఫోన్ రీచార్జి మీద ఆమె నూటికి 18 జీఎస్టీ కడుతూనే ఉందిగా! పైగా ముసలితనానికి దాచుకొమ్మని ప్రోత్సహించడమే ఉద్దేశమైతే, ఎలాగూ దాచుకోగలిగినవాడికే ఎక్కువివ్వడం ఏం లెక్క?

నేననేది ఇది. ఆదాయంలోంచి మినహాయించడం మానేసి, దాచిన ప్రతి వందకూ ప్రభుత్వం ఒకే వాటా వెయ్యాలి. ఒక పరిమితి దాకా, అందరికీ. ఇరవై చొప్పున వేసినా ఆమెకు ఏటా రెండు వేల పైచిలుకు జమవుతుంది. ఇదేమీ కొత్తది కాదు. 2015లో అటల్ పెన్షన్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన అర్హులకు, వాళ్లు కట్టినదాంట్లో సగం, ఏడాదికి వెయ్యి మించకుండా, ఐదేళ్లపాటు కేంద్రమే కలిపింది.

2016 ఫిబ్రవరి 29న అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు పీఎఫ్ తీసుకునేటప్పుడు 60 శాతం మీద పన్ను అన్నారు, మార్చి 8న వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులూ నా ఫోన్ మోగుతూనే ఉంది. అటల్ పెన్షన్‌లో ఆ సగం వాటా ఆగిపోయినప్పుడు నాకు ఒక్క ఫోనూ రాలేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.