ఫస్ట్ వస్తే ఏమవుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు తరగతి గదిలో ఒక చిన్న సంగతి జరుగుతుంది. మంచి మార్కులొచ్చిన అమ్మాయి, మార్కులు వేసి ఉన్న మూలను మెల్లగా లోపలికి మడిచేస్తుంది. పక్కనున్న స్నేహితురాలు "నీకెన్నొచ్చాయే?" అంటే, ముందు ఆ పిల్ల మొహం చూస్తుంది. స్నేహితురాలికి తక్కువ వచ్చాయని అర్థమైతే "ఏదో, గట్టెక్కానులే" అనేస్తుంది. మనం దీన్ని వినయం అనుకుని మెచ్చుకుంటాం. కొన్నిసార్లు అది వినయమే. కానీ అదే అమ్మాయి జవాబు తెలిసీ చెయ్యెత్తకపోతే, పోటీకి పేరివ్వకపోతే, పై చదువు దరఖాస్తును గడువు దాటేదాకా బ్యాగులోనే ఉంచేస్తే మాత్రం కాస్త ఆలోచించాలి. తప్పుతానేమోనన్న టెన్షన్ అందరికీ తెలుసు. గెలిస్తే ఏం ముంచుకొస్తుందోనన్న టెన్షన్ కూడా ఒకటుంది.

దాన్ని మొదట పరిశోధనకు పెట్టింది మాటీనా హార్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1960ల చివర్లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆమె విద్యార్థులకు ఒకే ఒక్క వాక్యమిచ్చి కథ రాయమంది. మొదటి టర్మ్ పరీక్షలయ్యేసరికి యాన్ మెడికల్ కాలేజీలో క్లాసు ఫస్ట్‌గా ఉంది, ఇదీ ఆ వాక్యం. అబ్బాయిలకిచ్చిన కాగితంలో యాన్ బదులు జాన్ ఉన్నాడు. జాన్ కథలన్నీ దాదాపు సాఫీగా సాగిపోయాయి. యాన్ పనే ఇబ్బందిలో పడింది. ఆమె ఒంటరిదైంది, బెంగపడింది, మార్కులు తగ్గించుకుని ఊపిరి పీల్చుకుంది. ఒక కథలోనైతే యాన్ అనే మనిషే లేదు. మెడికల్ విద్యార్థులు కొందరు కలిసి కల్పించిన దొంగపేరట! 90 మంది అమ్మాయిల్లో 59 మంది ఇలాంటి కథలే రాశారు. 88 మంది అబ్బాయిల్లో అలా రాసినవాళ్లు పదిశాతం కూడా లేరు.

దాంతో అమ్మాయిలకు విజయమంటే భయం అన్న మాట పత్రికలకెక్కింది. వినడానికి బాగానే ఉంది, నిజం మాత్రం సగమే. 1974లో మరికొందరు పరిశోధకులు పది నుంచి పదహారేళ్ల మధ్య పిల్లల చేత ఇలాంటి కథలే రాయించారు. ఈసారి అబ్బాయిలూ యాన్ గురించి రాశారు. వాళ్ల కథల్లో కూడా యాన్‌కు కష్టాలు తప్పలేదు! అంటే ఆ భయం అమ్మాయి మనసులో పుట్టుకతో వచ్చిన జబ్బు కాదన్నమాట. ముందుకెళ్లిన ఆడపిల్లకు చుట్టూ ఉన్నవాళ్లు ఏ శిక్ష వేస్తారో అందరికీ తెలుసు. ఆ పిల్లకూ తెలుసు.

ఈ శిక్ష అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 1970లో అమెరికా కాలేజీల్లోనే చేసిన ఒక అధ్యయనంలో నల్లజాతి యువతుల్లో ఈ రకం భయం తెల్లజాతి యువతుల కంటే తక్కువగా కనిపించింది. ఆడది సంపాదించి ఇల్లు నిలబెట్టడం మామూలైన చోట చదువులో ముందుండే అమ్మాయిని వింతగా ఎందుకు చూస్తారు, అన్నది దానికి చెప్పిన కారణం. అలాగని వాళ్లకు ఏ చిక్కూ లేదనుకోవద్దు. 1986లో వాషింగ్టన్‌లోని ఒక హైస్కూలు మీద వచ్చిన పరిశోధనలో, బాగా చదివే నల్లజాతి పిల్లలు కొందరు తమ తెలివిని తోటివాళ్ల ముందు దాచుకోవడం బయటపడింది. "నువ్వు మనవాళ్లలా లేవు, తెల్లవాళ్లలా తయారవుతున్నావు" అన్న ఎత్తిపొడుపుకు జడిసి. ఈ బెడద ఎంత విస్తారంగా ఉందన్న దానిపై తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. కానీ ఆ ఎత్తిపొడుపు ఎక్కడ గుచ్చుకుంటుందో పదిహేనేళ్ల వయసు దాటొచ్చిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఇంట్లో మొదటిసారి పెద్ద చదువు దాకా వచ్చిన అమ్మాయి సంగతి చూడండి. ఆమె భయం మార్కుల గురించి కాదు. ప్రతి మెట్టూ ఆమెను ఇంటి నుంచి ఇంకాస్త దూరం జరుపుతుంది. చదివే పుస్తకం అమ్మకు చెబితే అర్థం కాదు, కొత్త స్నేహితులతో మాట్లాడే తీరులో ఇంట్లో మాట్లాడలేకపోతుంది. పైగా తాను వెళ్లిపోతే చెల్లినీ తమ్ముణ్నీ చూసేదెవరన్న లెక్క ఒకటి తలలో తిరుగుతూనే ఉంటుంది. అన్న చదువు మధ్యలో ఆగిపోయిన ఇంట్లోనైతే, ఆమె ఫలితాల రోజున సంతోషాన్ని కూడా గొంతు తగ్గించి చెప్పుకోవాలి.

కలిగిన ఇంటి పిల్లకు ఇంకో రకం తంటా. ఆమె ఫస్ట్ వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు, రావాల్సిందే కదా అంటారు. ఈసారి తెచ్చుకున్నది వచ్చేసారికి కనీస హద్దుగా మారిపోతుంది. అలాంటప్పుడు కావాలనే రెండు మెట్లు కింద ఉండిపోవడం సోమరితనం అనిపించదు నాకు. ఆ వయసుకు చేతనైన ఆత్మరక్షణ అనిపిస్తుంది.

వయసుతో ఇదంతా సర్దుకుంటుందని కొందరంటారు. నాకంత నమ్మకం లేదు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికాలోని పేరున్న బిజినెస్ స్కూలు విద్యార్థులను, ఎంత జీతం కోరుకుంటారు, ఎంత ప్రయాణానికి సిద్ధం అని అడిగారు. జవాబులు తోటి విద్యార్థులు చూస్తారని తెలిసినప్పుడు పెళ్లికాని యువతులు తమ కోరికలను బాగా తగ్గించి రాశారు. తోటివాళ్లు చూడరన్నప్పుడు మిగతా యువతుల్లాగే రాశారు. ఆశ తగ్గలేదు, దాన్ని దాచుకోవడం నేర్చారు.

అందుకే "భయపడకు, నువ్వు సాధించగలవు" అన్న ఉపన్యాసం ఈ పిల్లలకు పెద్దగా పనికిరాదు. సాధించగలనని వాళ్లకూ తెలుసు, తర్వాత ఏమవుతుందన్నదే బెంగ. అది తగ్గించడం పెద్దవాళ్ల చేతుల్లోనే ఉంది. ఒక అమ్మాయిని నిలబెట్టి "చూసి నేర్చుకోండి" అని మిగతావాళ్లను దెప్పే టీచరు, ఆ మెచ్చుకోలును విడిగా పిలిచి చెప్పవచ్చు. ఫలితాలొచ్చిన సాయంత్రమే "తర్వాతేంటి?" అని అడగకుండా ఒక వారం ఆగవచ్చు. తమ్ముణ్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఇంట్లో పెద్దవాళ్లు ముందుగానే ఒక ఏర్పాటు చేసి, "అది మేం చూసుకుంటాం" అని ఆమెకు చెప్పవచ్చు. ఆ బ్యాగులో ఉండిపోయిన దరఖాస్తు ఉంది చూశారూ, గడువు ఇంకా ఉంటే తిట్టకుండా బయటికి తీయించి, ఏ గడి దగ్గర చెయ్యి ఆగిపోయిందో అడగండి.